థైరాయిడ్ ఉన్నవాళ్ళకు ఏ వేడి నప్పుతుంది? ఇన్‌ఫ్రారెడ్ సౌనా, ఆవిరి గది, దుప్పటి సౌనా, వేణ్ణీళ్ళ పాదస్నానం: గోదావరి డెల్టా వాళ్ళకు ఒక పోలిక

హషిమోటోలో థైరాయిడ్ హార్మోను తగ్గుతుంది, గ్రేవ్స్‌లో పెరుగుతుంది; రెండూ ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథి మీద దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బులు. ఇవి ఉన్నవాళ్ళు సౌనా (చెమట పట్టించే వేడి గది) గురించి మొదట అడిగేది "ఏ మిషన్ మంచిది?" అని. దానికన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఈ నెలలో మీ థైరాయిడ్ ఏ స్థితిలో ఉంది? వేడిలోంచి బయటికొచ్చాక మీ ఒళ్ళు ఎక్కడ చల్లబడుతుంది? ఈ రెండూ తేలితే మిషన్ ఎంపిక సగం తేలిపోయినట్టే. రెండో ప్రశ్న డెల్టాలో ఉన్నవాళ్ళకు మరీ ముఖ్యం. ఫిన్లాండ్‌లో సౌనా తలుపు తీస్తే చలిగాలి తగులుతుంది. అమలాపురంలోనో నరసాపురంలోనో మే నెలలో తలుపు తీస్తే తగిలేది ఉక్క.

వేడి వల్ల ఏం వస్తుందో, ఏం రాదో కూడా ముందే చెప్పుకోవాలి. బిగుసుకుపోయిన కండరాలు సడలుతాయి, కీళ్ళ నొప్పులు కాసేపు తగ్గుతాయి, కొందరికి ఆ రాత్రి నిద్ర బాగా పడుతుంది. గ్రంథి మీద దాడికి గుర్తుగా రక్తంలో కనిపించే యాంటీ టీపీఓ యాంటీబాడీలు తగ్గుతాయని గానీ, రోజూ వేసుకునే థైరాయిడ్ హార్మోను (లెవోథైరాక్సిన్) మాత్ర మోతాదు తగ్గించుకోవచ్చని గానీ సౌనా విషయంలో ఎవరూ రుజువు చెయ్యలేదు. సౌనా తరవాత కాటా మీద తగ్గేది నీటి బరువు, తాగగానే తిరిగొస్తుంది. సుఖం కోసమైతే ఎంచుకోండి. జబ్బు నయం అవుతుందని మాత్రం డబ్బు పెట్టొద్దు.

## ముందు రిపోర్టు చూడండి

హషిమోటోలో గ్రంథి మెల్లగా దెబ్బతిని హార్మోను తగ్గుతుంది. అలాంటివాళ్ళకు చలి ఎక్కువ, చర్మం పొడి, చెమట తక్కువ. అందుకే వేడి హాయిగా అనిపిస్తుంది. ప్రమాదం కూడా అక్కడే ఉంది. చెమట పట్టకపోతే లోపలి వేడి బయటికి పోయే దారి మూసుకున్నట్టే. "నాకింకా చెమట పట్టలేదు, ఇంకో పది నిమిషాలు కూచుంటా" అనుకోవడం హషిమోటో వాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు. చెమట పట్టకపోతే త్వరగా బయటికి రావాలి, ఎక్కువసేపు కూచోకూడదు.

హార్మోను బాగా తక్కువగా ఉన్నప్పుడు గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, రక్తంలో సోడియం కూడా తగ్గొచ్చు. వేడికి చర్మం కింద రక్తనాళాలు ఒక్కసారి విప్పారితే, ఆ నెమ్మది గుండె రక్తపోటును నిలబెట్టలేదు. మిక్సిడీమా కోమా అనే ప్రాణాపాయ స్థితిలో రోగి ఒళ్ళు చల్లబడిపోయి ఉన్నా, డాక్టర్లు హీటర్లతో గబగబా వేడెక్కించరు, మామూలు దుప్పట్లు కప్పి నెమ్మదిగా వేడెక్కనిస్తారు. కారణం ఇదే.

గ్రేవ్స్‌లో కథ తలకిందులు. ఒళ్ళు తనంతట తానే ఎక్కువ వేడి పుట్టిస్తుంది, నాడి అప్పటికే పరుగెడుతుంటుంది. సౌనాలో ఆరోగ్యవంతుల నాడే నిమిషానికి 100 నుంచి 150 దాకా వెళ్ళగలదు. దానికి గ్రేవ్స్ దడ తోడైతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

మేము పెట్టుకునే కొలత ఇది:

- హషిమోటో, మాత్ర మీద ఉన్నవారు: మోతాదు మారకుండా వరసగా రెండు పరీక్షల్లో టీఎస్‌హెచ్ (గ్రంథిని పనిచేయించే హార్మోను, థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుంది) ల్యాబు ఇచ్చిన పరిధిలో ఉండాలి (చాలా ల్యాబుల్లో సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 దాకా). మోతాదు మార్చాక టీఎస్‌హెచ్ కుదురుకోవడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. అన్నాళ్ళూ పాదస్నానం తప్ప కొత్త వేడి చికిత్స ఏదీ మొదలుపెట్టొద్దు.
- టీఎస్‌హెచ్ 10 దాటినా, ఫ్రీ టీ4 (గ్రంథి ఇచ్చే హార్మోను) తక్కువగా ఉన్నా: సౌనా, ఆవిరి రెండూ వద్దు. గోరువెచ్చని పాదస్నానంతో సరిపెట్టుకోండి.
- టీఎస్‌హెచ్ పరిధికన్నా కింద ఉంటే: మాత్ర ఎక్కువై ఉండొచ్చు. ముందు మోతాదు సరిచేయించుకోండి.
- గ్రేవ్స్, హార్మోనును తగ్గించే కార్బిమజోల్ మాత్ర మీద ఉన్నవారు: టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే సరిపోదు. మిగతా హార్మోన్లు సరయ్యాక కూడా అది నెలల తరబడి అణిగే ఉంటుంది. ఫ్రీ టీ4, టీ3 సరిగ్గా ఉన్నాయా, కూచున్నప్పుడు నాడి 90 లోపు ఉందా చూసి, డాక్టరు సరేనన్నాకే ఆలోచించండి.

పరీక్షకు ముందు జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్రలు కనీసం రెండు రోజులు ఆపాలి. బయోటిన్ థైరాయిడ్ పరీక్షను తప్పు దారి పట్టిస్తుంది. హార్మోను ఎక్కువగా లేకపోయినా గ్రేవ్స్ ఉన్నట్టు రిపోర్టు రావచ్చు. ఆ రిపోర్టు నమ్మి నిర్ణయం తీసుకుంటే అన్నీ తప్పుతాయి.

## చల్లబడే దారి ఉందా?

ఒక లీటరు చెమట చర్మం మీదే పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. అదే చెమట ఆవిరి కాకుండా కారిపోతే ఒంటికి చలవ రాదు, నీళ్ళూ ఉప్పూ మాత్రం పోతాయి. కాలవలు, చెరువులు, వరిచేలు, పక్కనే సముద్రం ఉన్న డెల్టాలో గాలిలో తేమ ఎక్కువ. మార్చి నెలాఖరు నుంచి వానలు కుదురుకునేదాకా ఇక్కడ చెమట ఆరదు, కారుతుంది. క్యాబిన్‌లో పదిహేను నిమిషాలు కూచుని బయటికొచ్చిన మనిషి, మామూలు గదిలో కూచుంటే ఇంకో అరగంట దాకా వేడిలోనే ఉన్నట్టు.

కాబట్టి సౌనా పక్కనే ఫ్యాను గానీ ఏసీ గానీ ఉన్న గది ఉందా అన్నది మొదటి షరతు. ఏసీని 26, 27 డిగ్రీల దగ్గర పెట్టండి. 18లో పెట్టుకుని దాని ఎదురుగా కూచోవద్దు. కరెంటు పోతే సౌనా దానంతటదే చల్లారుతుంది, భయం లేదు. ఆగిపోయే ఫ్యానే ఇబ్బంది. ఇంట్లో వాడే మామూలు ఇన్వర్టరు సౌనా హీటరును మొయ్యలేదు, మొయ్యాల్సిన పనీ లేదు. బయటి గది ఫ్యాను ఇన్వర్టరు లైన్లో ఉండేలా చూసుకోండి.

కాలం సంగతి సూటిగా చెప్పాలంటే, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా డెల్టాలో సౌనా వాడుకోవడానికి వీలైన కాలం. మార్చిలో తగ్గించుకోవాలి. ఏప్రిల్, మే, రోహిణీ కార్తె వెళ్ళేదాకా ఇంట్లో ఎంత ఖరీదైన మిషన్ ఉన్నా కట్టేసి ఉంచడమే మేలు. వానాకాలంలో తెరిపిచ్చిన చల్లటి రోజుల్లో, ఏసీ గది ఉన్నవాళ్ళు వాడుకోవచ్చు.

## ఒక్క చూపులో

| ఎంపిక | లోపలి వేడి | గాలిలో తేమ | తల ఎక్కడ ఉంటుంది | మొదటి నెలలో ఒక విడత | గుండె మీద భారం |
|---|---|---|---|---|---|
| ఇన్‌ఫ్రారెడ్ క్యాబిన్ | 45–60 డిగ్రీలు | తక్కువ | లోపల | 10–15 నిమిషాలు | మధ్యస్థం |
| దుప్పటి సౌనా | ఒంటికి ఆనుకుని, కొలవడం కష్టం | లోపల చెమట చేరి ఎక్కువ | బయట | మేము చెప్పం | మధ్యస్థం నుంచి ఎక్కువ |
| రాళ్ళ సౌనా | 70–100 డిగ్రీలు | తక్కువ | లోపల | 5–8 నిమిషాలు | ఎక్కువ |
| ఆవిరి గది | 40–50 డిగ్రీలు | దాదాపు నూటికి నూరు | లోపల | 5–8 నిమిషాలు | ఎక్కువ |
| తల బయట ఉండే ఆవిరి పెట్టె | 40–45 డిగ్రీలు | ఎక్కువ | బయట | 8–10 నిమిషాలు | మధ్యస్థం |
| వేణ్ణీళ్ళ పాదస్నానం | 39–41 డిగ్రీల నీళ్ళు | వర్తించదు | బయట | 15 నిమిషాలు | తక్కువ |

ఈ పట్టికలో డిగ్రీలను మాత్రమే పోల్చి ఆవిరి గది తేలికైందనుకుంటే దెబ్బతింటారు. ఎందుకో కింద ఉంది.

## ఇన్‌ఫ్రారెడ్ క్యాబిన్

రాళ్ళ సౌనా కాగిన రాళ్ళతో గాలిని కాచి, ఆ గాలితో మనిషిని కాస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ పలకలు నేరుగా చర్మాన్ని వేడెక్కిస్తాయి. అందుకే గాలి 50 డిగ్రీలే ఉన్నా చెమట పడుతుంది. గాలి మరీ వేడిగా లేకపోవడం వల్ల ఊపిరి ఆడనట్టు ఉండదు. థైరాయిడ్ కుదురుగా ఉన్న హషిమోటో వాళ్ళకు పూర్తి ఒంటి వేడి కావాలంటే ఈ జాబితాలో మిగతావాటికన్నా ఇదే నయం. వేడిని 45 దగ్గర మొదలుపెట్టి అయిదేసి డిగ్రీల చొప్పున పెంచుకునే వీలుండటం దీని అసలు బలం.

జపాన్‌లో గుండె వైఫల్యం ఉన్నవారికి ఆస్పత్రుల్లో చేసే వావోన్ చికిత్స కూడా ఇలాంటి దూర ఇన్‌ఫ్రారెడ్ (పొడవు తరంగాల ఇన్‌ఫ్రారెడ్) గదిలోనే. 60 డిగ్రీల్లో 15 నిమిషాలు, తరవాత 30 నిమిషాలు దుప్పటి కప్పుకుని విశ్రాంతి, పక్కనే వైద్య సిబ్బంది. దీన్ని చూపించి అమ్మేవాళ్ళు ఆ సిబ్బంది మాట ఎత్తరు. అది గుండె రోగులకు చేసిన చికిత్స, థైరాయిడ్‌కు కాదు.

"కిరణాలు ఒంట్లోకి నాలుగు సెంటీమీటర్లు వెళ్ళి గ్రంథిని బాగుచేస్తాయి" అన్నది ఇంకో మాట. ఇంటి క్యాబిన్లలో ఎక్కువగా ఉండేది దూర ఇన్‌ఫ్రారెడ్. అది చర్మం పైపొరల్లోనే, మిల్లీమీటరు లోపే ఇంకిపోతుంది. అక్కణ్ణుంచి వేడిని లోపలికి మోసేది రక్తమే. 2013లో బ్రెజిల్ పరిశోధకులు హషిమోటో ఉన్న 43 మందితో చేసిన ప్రయోగం ఒకటుంది. దాన్నీ సౌనాకు ముడిపెడుతుంటారు. ఆ ప్రయోగంలో వాడింది 830 నానోమీటర్ల సమీప ఇన్‌ఫ్రారెడ్ (పొట్టి తరంగాల) లేజరు, గ్రంథి మీద కొలిచి పెట్టిన మోతాదుతో. సౌనా పలకకూ దానికీ పోలిక లేదు. సమీప ఇన్‌ఫ్రారెడ్ బల్బు కొనుక్కుని మెడ దగ్గర పెట్టుకోవడం అసలే వద్దు.

కొనేముందు చూడాల్సినవి: పలక చేత్తో తాకితే కాలనంత మెత్తని వేడి ఇవ్వాలి. కార్బన్ పలకలు వెడల్పుగా, సమంగా వేడిస్తాయి. సెరామిక్ కడ్డీలు చిన్న చోట ఎక్కువ వేడిస్తాయి కాబట్టి వీపు దానికి ఆనకుండా చెక్క కంచె ఉండాలి. తలుపు బయటికే తెరుచుకోవాలి, గడియ ఉండకూడదు, తోస్తే వచ్చెయ్యాలి. ఒకరు కూచునే క్యాబిన్ సుమారు 1.2 నుంచి 1.8 కిలోవాట్లు లాగుతుంది. 1.6 కిలోవాట్లదైతే 230 వోల్టుల దగ్గర దాదాపు 7 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి విడి లైను, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, సరైన ఎర్తు, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కట్టేసే బ్రేకరు తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపొద్దు. వేడెక్కడానికి పావుగంట, కూచోడానికి అరగంట లెక్కేసుకున్నా కరెంటు ఒక యూనిట్టుకు కాస్త పైన, అంతే.

డెల్టాకు తగ్గ ఇబ్బందులు రెండు. తీరం దగ్గర, అంతర్వేది, ఉప్పాడ వైపు, ఉప్పుగాలికి లోపలి కనెక్షన్లు తుప్పుపడతాయి. ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్‌తో బిగుతు చూపించుకోండి. వానాకాలంలో చెమట తడి ఆరక చెక్కకు బూజు పడుతుంది, నేల చెమ్మకు చెదలు పడతాయి. వాడిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి తలుపు బార్లా తీసి ఉంచండి. గోడకు ఒక జానెడు దూరంగా, నేలకు రెండు అంగుళాల ఎత్తులో నిలబెట్టండి.

## దుప్పటి సౌనా

చవక, చోటు అక్కర్లేదు, మడిచి మంచం కింద పెట్టుకోవచ్చు. అందుకే ఎక్కువమంది దీనివైపు చూస్తారు. థైరాయిడ్ ఉన్నవాళ్ళకు మేము దీన్ని చెప్పం. మెడ దాకా జిప్పు వేసుకుని పడుకున్నాక కళ్ళు బైర్లు కమ్మితే ఒక్కళ్ళే బయటపడటం కష్టం. చెమట లోపలే చేరుతుంది కాబట్టి ఆవిరి కాదు, పైన చెప్పిన చలవ అసలు రాదు. హీటరు ఒంటికి ఆనుకుని ఉంటుంది. థైరాయిడ్ తక్కువైన వాళ్ళలో చేతులకూ కాళ్ళకూ తిమ్మిర్లు, స్పర్శ తగ్గడం మామూలే. కాలుతున్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. మంట పుట్టనంత వేడైనా, నెలల తరబడి ఒకేచోట తగిలితే చర్మం మీద వల అల్లినట్టు గోధుమరంగు మచ్చలు వస్తాయి. అలాంటి మచ్చలు కనిపిస్తే వాడటం ఆపి చర్మవైద్యులకు చూపించాలి.

## ఆవిరి గది, ఆవిరి పెట్టె

ఆవిరి గదిలో గాలి తేమతో నిండి ఉంటుంది. చెమట ఆరదు సరిగదా, ఆవిరే ఒంటి మీద నీరై చేరుతూ తన వేడిని చర్మానికి ఇచ్చేస్తుంది. అందుకే 45 డిగ్రీల ఆవిరి గది 55 డిగ్రీల ఇన్‌ఫ్రారెడ్ కన్నా గట్టిగా తగులుతుంది. పైగా జిమ్ముల్లో ఆవిరి గదికి వెళ్ళేది సాధారణంగా వ్యాయామం తరవాత. అప్పటికే ఒళ్ళు వేడెక్కి, నీళ్ళు పోయి ఉంటాయి. మామూలు రోజుల్లోనే ఉక్కతో ఉండే డెల్టాలో ఇది అన్నిటికన్నా తక్కువ నప్పేది.

ప్రకృతి వైద్యశాలల్లోనూ ఆయుర్వేద కేంద్రాల్లోనూ ఉండే ఆవిరి పెట్టె సంగతి వేరు. తల బయటే ఉంటుంది, మామూలు గాలి పీలుస్తారు, నెత్తిన తడిగుడ్డ వేస్తారు, పక్కన మనిషి ఉంటాడు. ఎప్పుడో ఒకసారి చేయించుకునేవాళ్ళకు సొంత క్యాబిన్ కన్నా ఇది తెలివైన దారి. వెళ్ళేముందు థైరాయిడ్ సంగతి చెప్పండి, ఎనిమిది నిమిషాలకు తియ్యమని అడగండి. దాంతోపాటు ఉపవాసం, ఎనిమా లాంటివి అదే రోజు పెట్టుకోవద్దు. నీళ్ళూ లవణాలూ రెండువైపులా పోతాయి.

రాళ్ళ సౌనా పెద్ద హోటళ్ళలో తగులుతుంది. గ్రేవ్స్ వాళ్ళకు వద్దు. హషిమోటో కుదురుగా ఉన్నవాళ్ళు కింది మెట్టు మీద అయిదు నిమిషాలు కూచుని, రాళ్ళ మీద నీళ్ళు పొయ్యనివ్వకుండా రావచ్చు.

## వేణ్ణీళ్ళ పాదస్నానం

చవకగా దొరికేదాన్ని చులకనగా చూడటం మనకు అలవాటు. నిజానికి ఈ వ్యాసం చదివేవాళ్ళలో సగం మందికి కావాల్సింది ఇదే. బకెట్టులో పిక్కల దాకా 39 నుంచి 41 డిగ్రీల నీళ్ళు, పదిహేను నిమిషాలు, తల మీద చల్లటి తడిగుడ్డ. కాళ్ళు వెచ్చబడతాయి, ఒళ్ళు తేలికవుతుంది. పడుకునే గంట ముందు చేస్తే నిద్రకు మంచిది. నచ్చకపోతే కాళ్ళు తీసేస్తే అయిపోయింది, ఎవరి సాయమూ అక్కర్లేదు. నీళ్ళ వేడి చేత్తో కాదు, థర్మామీటరుతో చూడండి. షుగరు వల్ల అరికాళ్ళకు స్పర్శ తగ్గినవాళ్ళు వేడినీళ్ళ పాదస్నానం చెయ్యొద్దు.

## మీరు ఎవరైతే ఏది

మాత్ర ఇప్పుడే మొదలైంది, చలి, నీరసం: పాదస్నానం. మూడు నెలల తరవాత, టీఎస్‌హెచ్ కుదిరాక క్యాబిన్ గురించి ఆలోచించండి. ఆ చలి చాలావరకు మాత్రతోనే తగ్గిపోతుంది.

ఏడాదిగా ఒకే మోతాదు, రిపోర్టులు బాగున్నాయి, ఒళ్ళు నొప్పులు: ఇన్‌ఫ్రారెడ్ క్యాబిన్ మీకోసమే. కొనేముందు ఎక్కడైనా నాలుగైదు విడతలు వాడి చూడండి.

గ్రేవ్స్, ఇంకా దడ, చేతుల వణుకు, బరువు తగ్గుతున్నారు: ఏదీ వద్దు. పాదస్నానానికీ గోరువెచ్చని నీళ్ళే. రేడియో అయోడిన్ తీసుకున్నవాళ్ళయితే, కొన్నాళ్ళు చెమటలోనూ రేడియోధార్మికత ఉంటుంది. ఆస్పత్రి చెప్పిన జాగ్రత్తల గడువు అయ్యేదాకా నలుగురు వాడే సౌనాకు వెళ్ళకూడదు.

గ్రేవ్స్‌తో కళ్ళు ఉబ్బి, మండుతున్నవారు: పొడి వేడి కళ్ళను ఇంకా ఆరబెడుతుంది. తల బయట ఉండే పద్ధతులే చూడండి, అదీ గ్రంథి కుదిరాక.

బాలింతలు: మన ఇళ్ళలో బాలింతకు మరిగే నీళ్ళ స్నానం, తలుపులు మూసి సాంబ్రాణి పొగ, కుంపటి మామూలు. ప్రసవం తరవాత ఏడాదిలోపు కొందరికి గ్రంథి వాచి, మొదట హార్మోను పెరిగి, తరవాత తగ్గిపోతుంది. యాంటీబాడీలు ఉన్నవాళ్ళకు ఇది ఎక్కువ. ఆ మొదటి దశలో దడ, చెమటలు, నిద్రలేమి వస్తే "బాలింత నీరసం" అని కొట్టిపారేసి ఇంకా వేడి పెట్టొద్దు. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చేయించండి. ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ మాట నెమ్మదిగా చెప్పి ఒప్పించడం భర్త బాధ్యత, పుట్టింటివాళ్ళ బాధ్యత.

గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవారు: సౌనా, ఆవిరి రెండూ వద్దు. మొదటి మూడు నెలల్లో తల్లి ఒంటి లోపలి వేడి 39 డిగ్రీలు దాటితే బిడ్డ వెన్నుపాము ఏర్పడటంలో లోపాలు రావచ్చు. గర్భం నిలిచిందని తెలిసేసరికే ఆ కీలక వారాలు గడుస్తుంటాయి. మగవాళ్ళకూ వేడికి వీర్యకణాలు తగ్గుతాయి, మానేస్తే కొన్ని నెలల్లో కోలుకుంటాయి.

అరవై దాటినవారు, బీపీ మాత్రలు వాడేవారు: నీరు పోయేలా చేసే మాత్రలు, రక్తనాళాలు విప్పే మాత్రలు వేడితో కలిస్తే లేవగానే బీపీ పడిపోతుంది. దడ తగ్గించే ప్రొప్రానొలాల్ లాంటి మాత్రలు నాడిని అణచి ఉంచుతాయి కాబట్టి, నాడి చూసి హెచ్చరిక తెలుసుకునే వీలుండదు. వీళ్ళకు పాదస్నానం చాలు.

థైరాయిడ్‌తోపాటు ఇంకో ఆటోఇమ్యూన్ జబ్బు: ఇన్సులిన్ తీసుకునే షుగరైతే, వేడికి ఇన్సులిన్ త్వరగా ఇంకి షుగరు పడిపోతుంది. ఒంటి మీద దద్దుర్లు వచ్చే అలవాటుంటే వేడికి అవి రేగుతాయి. అన్నిటికన్నా ప్రమాదం కిడ్నీల మీద ఉండే ఎడ్రినల్ గ్రంథి కూడా దెబ్బతిన్నవాళ్ళకు. ఎప్పుడూ ఉప్పు తినాలనిపించడం, అరచేతి గీతలూ చిగుళ్ళూ నల్లబడటం, నిలబడితే కళ్ళు తిరగడం ఉంటే, ఆ గ్రంథి ఇచ్చే కార్టిసాల్ హార్మోను పరీక్ష అయ్యేదాకా చెమట పట్టించే ఏ పనీ పెట్టుకోవద్దు.

## ఇన్‌ఫ్రారెడ్ ఎంచుకున్నవాళ్ళకు మొదటి నెల

టిఫిను తిన్న రెండు గంటలకు, చలికాలంలో పొద్దుగూకాక మంచి సమయం. ఖాళీ కడుపున వద్దు. ఇంట్లో ఇంకొకరు ఉండాలి.

1. కూచునే ముందు నాడి, బీపీ, బరువు చూసి రాసుకోండి. నాడి 90 దాటినా, పై బీపీ 100 కన్నా తక్కువున్నా ఆ రోజు మానేయండి.
2. అరగంట ముందు పెద్ద గ్లాసుడు, అంటే 300 మిల్లీలీటర్ల నీళ్ళు తాగండి.
3. క్యాబిన్‌ను 45 డిగ్రీలకు తెచ్చి, పది నిమిషాలకు అలారం పెట్టుకుని కూచోండి. నూలు తువ్వాలు కింద పరుచుకోండి. గొలుసులు, గాజులు తీసెయ్యండి, లోహం కాలుతుంది.
4. వారానికి రెండే విడతలు, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం. మూడో వారం నుంచి పదిహేను నిమిషాలు. రెండో నెలలో కావాలంటే 50 డిగ్రీలు. 55 డిగ్రీలు, 20 నిమిషాలు దాటాల్సిన అవసరం ఎవరికీ లేదు.
5. అయ్యాక తలుపు తీసి, కూచునే రెండు నిమిషాలు ఆగి, అప్పుడు లేవండి. ఫ్యాను కింద పది నిమిషాలు. తరవాత గోరువెచ్చని స్నానం. వెంటనే చన్నీళ్ళు గుమ్మరించుకోవద్దు.
6. మళ్ళీ బరువు చూడండి. అరకిలో తగ్గితే అర లీటరు చెమట పోయినట్టు. ఒంటి బరువులో నూటికి ఒకటి కన్నా ఎక్కువ తగ్గితే తరవాతి విడతలో సమయం తగ్గించండి.

మర్నాడు ఎలా ఉందన్నది ఆ రోజు ఎలా ఉందన్నదాని కన్నా ముఖ్యం. పొద్దున్నే లేవలేనంత నీరసం, తలనొప్పి ఉంటే ఆ మోతాదు మీకు ఎక్కువ. సగానికి తగ్గించండి. రెండోసారీ అలాగే ఉంటే సౌనా మీకు పడదు.

## తాగేదీ, మాత్రా

కోనసీమలో కొబ్బరి బోండాం చేతికందేంత దగ్గర. కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటతో ఎక్కువగా పోయేది సోడియం. అర లీటరు పలచటి మజ్జిగలో పావు చెంచా ఉప్పు వేసుకుంటే పోయిన ఉప్పు దాదాపు తిరిగొస్తుంది. బీపీకి ఉప్పు తగ్గించమన్నవాళ్ళు ఉప్పు కలపకండి, చెమట తక్కువ పట్టే విడతలే ఎంచుకోండి. కిడ్నీ జబ్బున్నవాళ్ళు, స్పైరోనోలాక్టోన్, టెల్మిసార్టాన్ లాంటి, పొటాషియం పెంచే బీపీ మాత్రలు వాడేవాళ్ళు రోజూ బోండాలు తాగేముందు డాక్టరును అడగండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నప్పుడు లీటర్ల కొద్దీ మంచినీళ్ళే తాగడం కూడా తప్పు, సోడియం ఇంకా పలచబడుతుంది.

లెవోథైరాక్సిన్ మాత్ర ఎప్పటిలాగే పరగడుపున, మంచినీళ్ళతో. కాఫీ కనీసం అరగంట, వీలైతే గంట తరవాత. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం. సౌనా ఉన్న రోజని మాత్ర మార్చొద్దు, మానొద్దు. వేడికి మాత్ర పాడవుతుంది. క్యాబిన్ గదిలో, వంటింటి అరలో, ఎండలో ఆపిన కారులో ఉంచొద్దు. ఇంట్లో చల్లగా, పొడిగా ఉండే గదిలో సీసా మూత బిగించి పెట్టండి. "థైరాయిడ్ సపోర్ట్" అని సౌనాతో కలిపి అమ్మే సముద్రపు నాచు గుళికల్లో అయోడిన్ ఎంతుంటుందో చెప్పలేం. ఎక్కువైతే హషిమోటోనూ గ్రేవ్స్‌నూ రెంటినీ రేపుతుంది.

కార్బిమజోల్ వాడేవాళ్ళకు ఒక్క హెచ్చరిక. జ్వరం, గొంతునొప్పి వస్తే ఆవిరి పట్టి చెమట పట్టించుకుని తగ్గించుకుందామని చూడొద్దు. ఆ మందు అరుదుగా తెల్లకణాలను పూర్తిగా పడేస్తుంది. మందు ఆపి, ఆ రోజే రక్తపరీక్ష చేయించుకుని డాక్టరును కలవాలి.

## ఎప్పుడు ఆపాలి

లోపల ఉండగా దడ, గుండె లయ తప్పినట్టు అనిపించడం, వికారం, తల తేలిపోవడం, చెమట హఠాత్తుగా ఆగిపోవడం, మాట తడబడటం: వీటిలో ఏదొచ్చినా అలారం మోగేదాకా ఆగొద్దు. బయటికి తీసుకొచ్చి వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఒక అడుగు ఎత్తున పెట్టండి. తడిగుడ్డ ఒంటి మీద వేసి ఫ్యాను పెట్టండి. తెలివి బాగుంటే మజ్జిగ కొద్దికొద్దిగా ఇవ్వండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చెయ్యండి. వచ్చినవాళ్ళకు థైరాయిడ్ జబ్బు పేరు, వాడే మాత్ర మోతాదు, చివరి టీఎస్‌హెచ్ చెప్పండి. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి క్యాబిన్ తలుపుకు బయటివైపు అంటించి ఉంచండి.